టేపు రెండో వైపు

బల్ల మీద నాలుగు కంచాలు సర్దమంటే అసుంప్త ఐదు సర్దింది.

“ఐదోది ఎవరికి అత్తయ్యా?” అని రెమెయ్ మామూలుగానే అడిగింది.

“ఎవరికేమిటే? వాడికి. బండి చప్పుడు వినపడలేదూ? కింద ఇంకా దాంతోనే తగలడుతున్నాడు. చేతులు కడుక్కుని పైకి రమ్మను. మాంసం కూరిన కానెలోన్లు చల్లారిపోతే మళ్లీ నన్నే అంటాడు.”

ఎనభై నాలుగేళ్ల మనిషి. పోయిన చలికాలం నుంచి ఆవిడకు వారాలూ ఏళ్లూ కలగాపులగం అయిపోతున్నాయి. ఇంకో రోజయితే రెమెయ్ ఆ కంచాన్ని మారుమాట లేకుండా తీసేసి ఉండేది. కానీ ఆ చప్పుడు తనూ విన్నది.

ఐదు నిమిషాల కిందట, ఓవెన్ ముందు వంగి ఉన్నప్పుడు. మొదట గొంతు సవరించుకున్నట్టు ఒక గరగర. తర్వాత ఆరు సిలిండర్లూ ఒక్కసారి అందుకున్న రొద. గేరు మారేచోట చిన్న దగ్గు. ఆ దగ్గు లోకంలో ఒకే ఒక్క బండికి ఉండేది. ఆ బండి ఇరవై రెండేళ్ల కిందట రెమెయ్ భర్త నర్సీస్‌ను చంపి తుక్కులోకి పోయింది.

అప్పుడే బాల్కనీలోంచి తొంగి చూసింది. మూడంతస్తుల కింద బూడిదరంగు గ్రెగాల్ కారు, పరీక్షల కోసం తిప్పే బండి, తలుపు తెరిచి ఉంది. లోపల ఆ సంస్థలోనే పనిచేసే కూతురు కెరాల్త్. అది బ్యాటరీతో నడిచే బండి. అసలు చప్పుడే చేయకూడదు.

రెమెయ్ పడకగదిలోకి వెళ్లి అలమరలో దుప్పట్ల కింద చెయ్యి పెట్టింది. బిస్కెట్ల డబ్బా తగిలింది. మూత తీసింది. నర్సీస్ చేతిగడియారం ఉంది. బెల్టు ఉంది. అరచేతిలో పట్టే టేపురికార్డరూ ఉంది, అందులో ఎవరో కొత్త బ్యాటరీలు వేశారు.

క్యాసెట్ మాత్రం లేదు.

కెరాల్త్ పైకి వచ్చేసరికి తల్లి నడవలో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఎప్పుడు తీశావు?”

కోటు గుండీలు విప్పుతున్న కెరాల్త్ చెయ్యి ఆగింది. “సెప్టెంబరులో. నువ్వు పనికి వెళ్లినప్పుడు.”

“నన్ను అడగాలనిపించలేదు.”

“అడిగితే ఇచ్చేదానివా?”

“ఇచ్చేదాన్ని కాదు.”

“మరి?”

“మరేమిటే మరి? నా అలమర, నా దుప్పట్లు, నా మొగుడు. దొంగతనం చేసిందీ కాక మరి అంటావా?”

“నాకు నాన్న కూడా కదమ్మా,” అంది కెరాల్త్ నెమ్మదిగా.

లోపల అసుంప్త ఐదో కంచం పక్కన ఫోర్కూ కత్తీ సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“బండికి ప్రాణం లేదన్నారు,” అని కెరాల్త్ గోడకు ఆనుకుని మొదలుపెట్టింది. “తొక్కితే దూసుకుపోతుంది, కానీ ఫ్రిజ్‌లో కూర్చున్నట్టుంది అన్నారు, ఎక్కిన ప్రతివాళ్లూ. దానికో గొంతు కావాలి. పాత రేసుబండి గొంతు. అది ఇంకెక్కడా లేదమ్మా, నాన్న టేపులో తప్ప. నెలన్నర కూర్చుని శుభ్రం చేశాను. గాలి, గతుకులు, నాన్న మాటలు, అన్నీ తీసేసి ఇంజను ఒక్కటే మిగిల్చాను.”

“నాన్న మాటలు తీసేశావు.”

“కారులో ఎవరో మనిషి మాట్లాడుతుంటే ఎవరు కొంటారు?”

మూడేళ్ల కిందట గ్రెగాల్ అంటే నోరియా కంపెనీ కారు వెనక అంటించే వేలెడంత బిళ్ల. మామూలు సంసారులు కొనుక్కునే నోరియా బండికే కాస్త గట్టి ఇంజను వేసి, నలభై మంది పనిచేసే పాత రేసు షెడ్డులోంచి ఏడాదికి కొన్ని వందలు వదిలేవాళ్లు. ఇవాళ గ్రెగాల్‌కు వేరే ముద్ర, వేరే షోరూములు, బార్సెలోనా కుర్రకారు దగ్గర వేరే గౌరవం. నోరియా పేరు దాని ఒంటి మీద ఎక్కడా ఉండదు. పోయిన నెల ఫ్యాక్టరీ గేటు మీది నోరియా అక్షరాలను కూడా క్రేన్ పెట్టి దించేశారు. తల్లి పేరు చెప్పుకోవడానికి నామోషీపడే కూతురని సీట్లు కుట్టే హాలులో ఆడవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకుంటూనే ద్రాక్షరంగు దారంతో గ్రెగాల్ సీట్లు కుడతారు. అది రాకపోతే రెండేళ్ల కిందటే ఆ హాలుకు తాళం పడేది. రెమెయ్ మిషను కిటికీ వైపు మూడోది.

ఈ శుక్రవారం గ్రెగాల్ తన మొదటి సొంత బండిని బయటపెడుతోంది. నోరియా నుంచి ఒక్క మేకు కూడా అరువు తెచ్చుకోని బండి.

రెమెయ్ డబ్బా మూత నొక్కింది. అడగవలసింది ఒక్కటే ప్రశ్న.

“రెండు వైపులా విన్నావా?”

“మొదటి వైపే పద్దెనిమిది రౌండ్లున్నాయి. అది చాలదూ?” కెరాల్త్ వంగి బూట్లు విప్పుకుంటోంది. మొహం కనబడలేదు. “రెండోది ఫెర్మీ బాబాయి వింటానన్నాడు. క్యాసెట్ ఆయన దగ్గరే ఉంది.”

రెమెయ్ లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే గంట మోగింది.

గుమ్మంలో నర్సీస్ పాత స్నేహితుడు ఫెర్మీ. ఒక చేతిలో చామంతులు, ఇంకో చేతిలో పైన్ గింజలు అద్దిన బాదం మిఠాయి పెట్టె. ప్రతి ఏడూ నవంబరు ఒకటిన, పోయినవాళ్లను తలుచుకునే సకల పునీతుల పండుగనాడు అలాగే వస్తాడు. మధ్యాహ్నం ఇక్కడే తింటాడు. తర్వాత ముగ్గురూ నడిచి నర్సీస్ సమాధి దగ్గరికి వెళ్తారు. అసుంప్త వెళ్లదు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు.

“గడప దాటినప్పుడల్లా చెప్పాను, మెల్లగా పోరా అని. విన్నాడా? కోరి పోయినవాడి దగ్గరికి నేనెందుకు రావాలి?” అంటుంది. మతి సరిగా ఉన్న రోజు అదే మాట, లేని రోజూ అదే మాట.

గ్రెగాల్‌కు తండ్రి అని పత్రికలు రాసేది ఈ ఫెర్మీ గురించే. అరవై మూడేళ్లు. అంత పెద్ద కార్ల సంస్థను నడుపుతూ ఇంకా రైల్లో తిరుగుతాడని, అదీ ఒక గొప్పగా రాస్తారు.

“వంటింట్లోకి రా,” అంది రెమెయ్. అతను వచ్చాక తలుపు మూసింది.

పొయ్యి మీద చిల్లుల పెనంలో చెస్ట్‌నట్ కాయలు కాలుతున్నాయి. ఫెర్మీ మిఠాయి పెట్టె ఎక్కడ పెట్టాలో తోచక పట్టుకునే నిలబడ్డాడు.

“ఇవ్వు.”

“ఏది?”

“ఫెర్మీ, ఇవాళ నా దగ్గర వేషాలొద్దు.”

అతను పెట్టె దించి కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. చేతిరుమాలులో చుట్టిన క్యాసెట్‌ను పొయ్యి పక్కన పెట్టాడు. అంత తేలిగ్గా బయటికి వస్తుందని రెమెయ్ అనుకోలేదు.

“చెరిపేశావా?”

“చెరిపేద్దామనే తీసుకున్నాను.” ఫెర్మీ గోడ వైపు చూస్తూ అన్నాడు. “చెరపడానికి ముందు ఒక్కసారి విందామనుకున్నాను. ఆ తర్వాత చెయ్యి రాలేదు. నెలన్నర, రెమెయ్. పొద్దున లేచి కాఫీ పెట్టుకుంటాను, అది వింటాను, ఆఫీసుకు పోతాను.”

ఆ వైపు ఏముందో ఈ లోకంలో తమ ఇద్దరికే తెలుసునని ఇన్నాళ్లూ రెమెయ్ నమ్మకం. ఆ వానరోజున పరీక్షల రోడ్డు మీద బండి మూడు పల్టీలు కొట్టింది. దాన్ని పరీక్షించే డ్రైవరు నర్సీస్, ఫెర్మీ ఇద్దరూ బయటికి ఎగిరిపడ్డారు. లేచి నడిచి వెళ్లి మనుషుల్ని పిలుచుకొచ్చినవాడు ఫెర్మీ. తను షెడ్డులోంచి పరుగెత్తి వచ్చానన్నాడు. బండిలో నర్సీస్ ఒక్కడే ఉన్నాడన్నాడు. తాను గీసిన బండిని ఒక్కసారి తనే నడిపి చూడాలని ఉబలాటపడి, అనుమతి లేకుండా స్టీరింగు చక్రం పట్టుకున్నానని చెప్పలేదు. వేగం అదుపు చేయలేక డ్రైవరే చేసుకున్న ప్రమాదమని నివేదిక రాశారు. వారం తర్వాత ఆసుపత్రివాళ్లు ఇచ్చిన బట్టల సంచిలో రెమెయ్‌కు రికార్డరు దొరికింది. రౌండు రౌండుకూ బండి తీరు దాంట్లో చెప్పుకోవడం నర్సీస్‌కు అలవాటు. రెండో వైపు విన్నాక ఆమె ఫెర్మీని నిలదీసింది.

“పేపర్లో మీ కొత్త బండి ప్రకటన చూశాను,” అంది రెమెయ్. “నర్సీస్ ఫోటో. దాని కింద ఏం రాశారు?”

“చూశావు కదా.”

“నీ నోటితో చెప్పు.”

“వేగం తగ్గించని మనిషి.”

“టేపులో ఏమంటున్నాడు?”

గాటు పెట్టడం మరిచిపోయిన కాయ ఒకటి పెనంలో టప్పున పేలింది. ఫెర్మీ ఉలిక్కిపడి పొయ్యి గట్టు పట్టుకున్నాడు.

“ఇప్పుడు చెబితే పోయేది నేనొక్కణ్ణేనా?” అన్నాడు. “నేను పోతే పోతాను. పదిహేను వందల మంది, రెమెయ్. మీ హాలు. కెరాల్త్. శవం మీద కట్టిన పేరు అంటారు, మర్నాడు ఒక్కడు బండి కొనడు.”

“అప్పుడూ ఇదే అన్నావు. అప్పుడు నలభై మంది. షెడ్డు మూసేస్తారన్నావు. తొమ్మిదేళ్ల పిల్లతో, ముసలావిడతో ఎలా బతుకుతావన్నావు. నేను నోరు మూసుకున్నాను. షెడ్డు నిలబడింది, నువ్వు నిలబడ్డావు. ఆ ముసలావిడ మాత్రం తన కొడుకుని తిట్టుకుంటూ ఇక్కడే కూర్చుంది.”

“నేను నీ నోరు కట్టేశానా?” ఫెర్మీ గొంతులో కోపం లేదు. “టేపు ఇరవై రెండేళ్లూ నీ దగ్గరే ఉంది కదా.”

రెమెయ్ పొయ్యి ఆర్పింది. ఏ చెంపదెబ్బా అంత సూటిగా తగిలేది కాదు.

తలుపు తోసుకుని అసుంప్త వచ్చింది. “ఏమిటర్రా ఈ గుసగుసలు? వాడు ఇంకా రాడే? ఒరేయ్ ఫెర్మీ, నువ్వైనా వెళ్లి చెప్పరా. నా మాట ఎలాగూ వినడు, నీ మాట వింటాడు.”

ఫెర్మీ తల దించుకున్నాడు. రెమెయ్ అతన్నీ చూసింది, అత్తనూ చూసింది. ఈ చలికాలం పోయేసరికి ఈవిడకు నర్సీస్ అనే పేరైనా గుర్తుంటుందా? అప్పుడు ఎవరికి చెప్పాలి?

రుమాలుతో సహా క్యాసెట్ తీసుకుంది.

“పదండి అత్తయ్యా, బల్ల దగ్గర కూర్చోండి. వస్తున్నాడు.”

“రెమెయ్,” అన్నాడు ఫెర్మీ.

నడవలోని డబ్బాలోంచి రికార్డరు తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. క్యాసెట్‌ను రెండో వైపుకు తిప్పి లోపల వేసింది. కెరాల్త్ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. “అమ్మా, భోజనాలయ్యాక,” అంది. రెమెయ్ మీట నొక్కింది.

ముందు వాన. రేకు మీద గులకరాళ్లు పోసినట్టు. వైపర్ల టకటక. తర్వాత ఆ ఇంజను. ఎవరో కుర్రవాడిలా హుషారుగా నవ్వుతున్నాడు. అది ఫెర్మీ నవ్వేనని పోల్చుకోవడానికి ఎవరికైనా కాస్త సమయం పడుతుంది. అతను అలా నవ్వి చాలా ఏళ్లయింది.

రెమెయ్ రికార్డరు వైపు చూడలేకపోయింది. అందుకే కూతురి వైపు చూసింది.

కెరాల్త్ పెదవులు కదిలాయి.

“ఫెర్మీ, మెల్లగా,” అంది నర్సీస్ గొంతు, ఆ తర్వాత.

“ఇంకొక్క రౌండురా!”

“మెల్లగా పోనీరా. రోడ్డు తడిగా ఉంది. నీకు దీని తీరు తెలీదు.”

నర్సీస్ ప్రతి మాటా టేపులోంచి రావడానికి రెప్పపాటు ముందే కెరాల్త్ పెదవుల మీదికి వస్తోంది. ఆమెకు అది తెలియడం లేదు. కళ్లు నేల మీద ఉన్నాయి. జపం చేస్తున్న మనిషిలా ఉంది.

“మలుపుంది. తగ్గించు. ఫెర్మీ, తగ్గి…”

రెమెయ్ ఆపేసింది. ఆ తర్వాతది ఎవరూ వినక్కర్లేదు.

అసుంప్త రెండు చేతులూ బల్ల మీద బోర్లించి కూర్చుంది. తర్వాత తలెత్తింది. ఆ కళ్లలో ఇన్నాళ్ల మసక లేదు.

“నడిపింది నువ్వా?”

“నేనే పెద్దమ్మా.”

“వాడు మెల్లగా పొమ్మన్నాడు.”

“అన్నాడు.”

“ఎన్నిసార్లు?”

“మూడుసార్లు.” ఫెర్మీ రికార్డరు వైపు చూశాడు. “కాదు. నాలుగు.”

ముసలావిడ ఏడవలేదు. తిట్టలేదు. ఐదో కంచాన్ని ముందుకు లాక్కుని, దాని అంచు మీద దుమ్మున్నట్టు వేలితో తుడిచింది. “వాడికి నా మాట వినపడేదన్నమాట,” అంది తనలో తాను. తర్వాత గట్టిగా, “రెమెయ్, నా నల్లకోటు తే.”

“ఎక్కడికి నానమ్మా?” అంది కెరాల్త్.

“ఎక్కడికేమిటే? వాడి దగ్గరికి. ఇరవై రెండేళ్లు రానందుకు వాడు నన్నేమనుకుంటున్నాడో ఏమో.” కోటు తొడుక్కుంటూ ఫెర్మీ వైపు తిరిగింది. “నువ్వు తీసుకెళ్తావు. బండిలో. నేనంత దూరం నడవలేను.”

ఫెర్మీ మొహం పాలిపోయింది. “నేను నడపను పెద్దమ్మా. ఆ రోజు నుంచి చక్రం ముట్టుకోలేదు.”

“ఇవాళ ముట్టుకుంటావు. నేను పక్కన కూర్చుంటాను. నేను మెల్లగా అంటే మెల్లగా పోవాలి. తెలిసిందా?”

అతను వద్దనలేకపోయాడు. కెరాల్త్ జేబులోంచి తాళం తీసి ఇచ్చింది. “చప్పుడు ఆపే మీట ఎడమ పక్కన ఉంది బాబాయ్,” అంది. అతను తలూపాడు గానీ విన్నట్టు లేదు. చామంతులు అసుంప్త పట్టుకుంది. ఒక్కొక్క మెట్టే దిగుతున్నారు. ఆవిడ చెయ్యి అతని భుజం మీద ఉంది. ఎవరు ఎవరిని దింపుతున్నారో పైనుంచి చూస్తున్న రెమెయ్‌కు తెలియలేదు.

వెనక్కి తిరిగేసరికి కెరాల్త్ రికార్డరులోంచి క్యాసెట్ తీస్తోంది.

“నీకు ముందే తెలుసు,” అంది రెమెయ్.

కెరాల్త్ తలూపింది.

“మొదటి వైపే విన్నానన్నావు.”

“మొదటి వైపు నాన్న ఇంజను గొంతు పూర్తిగా విప్పలేదమ్మా. అసలు గొంతు రెండో వైపే ఉంది.” క్యాసెట్‌ను రుమాలులో చుడుతూ, తేలిక పని ఏదో చెబుతున్నట్టు చెప్పింది. “కింద నువ్వు విన్నది ఆ ఆఖరి రౌండే. ఒక మాట తీసేయాలంటే దాన్ని వందసార్లు వినాలి. మొదలెక్కడ, చివరెక్కడ అని. ‘మెల్లగా’ తీయడానికి రెండు రోజులు పట్టింది. ‘ఫెర్మీ’ తేలిగ్గానే వచ్చేసింది.”

రెమెయ్ కుర్చీ పట్టుకుంది. “మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు చెబుతావేమోనని చూశాను. సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం ఈ బల్ల దగ్గరే కూర్చుని చూశాను. నువ్వు చారు వడ్డించేదానివి. పని ఎలా ఉందని అడిగేదానివి. బాగుందమ్మా అనేదాన్ని.” ఆమె రుమాలును మళ్లీ బిగించి చుట్టింది. “నువ్వు ఇరవై రెండేళ్లు ఊరుకున్నావు. నేను రెండు నెలల్లోనే నేర్చుకున్నాను. ఏమంత కష్టం కాదు. చేతినిండా పని ఉంటే చాలు.”

“అలా అనకే.”

“తిట్టడం లేదమ్మా. చెబుతున్నాను.”

కింద కారు తలుపు ఒకటి పడింది. కాసేపటికి రెండోది. ఇద్దరూ బాల్కనీ వైపు చూశారు గానీ ఎవరూ కదలలేదు.

“రేపు పొద్దున ఎనిమిదికి నాన్న ఫోటో పోస్టర్ల అచ్చు మొదలవుతుంది,” అంది కెరాల్త్. “బండ్లలో ఆ గొంతు ఎక్కించేదీ రేపే. మొదటి విడతలో నాలుగువేల బండ్లు. రెండూ నా సంతకం మీదే వెళ్లాలి. నేను పెట్టకపోతే ఆగిపోతాయి. ఎందుకు పెట్టలేదని అడుగుతారు, అప్పుడు ఈ క్యాసెట్ చూపించాలి. ఆ తర్వాత ఏమవుతుందో బాబాయి నీకు చెప్పే ఉంటాడు. ఆపమంటావా?”

ఆపు. రెండక్షరాల మాట. నర్సీస్ భార్యగా, ఆ గొంతుకు ఈ ఇంట్లో కాపలా ఉన్న మనిషిగా, ఆ మాట వెంటనే వచ్చి తీరాలి. రెమెయ్ నోరు తెరిచింది.

కిటికీ వైపు వరసలో ఏడు మిషన్లు కళ్ల ముందు కదిలాయి. పక్క మిషను మీద కూర్చునే ఆవిడ, కొత్తగా ఇల్లు తీసుకున్న ఆవిడ, ద్రాక్షరంగు దారం తన వేలికి చుట్టుకుని ఉంగరం చూడమని నవ్వించిన ఆవిడ. ఎదురుగా కూతురు, ముప్పై ఒక్కేళ్లు, నర్సీస్ కనుబొమలు, చేతిలో రుమాలు.

“అమ్మా,” అంది కెరాల్త్. “ఆపమంటావా?”

ఆసుపత్రి సంచి తెరిచిన వారం, ఊరుకోమన్న ఫెర్మీ ఎదురుగా జవాబు చెప్పకుండా తాను ఎంతసేపు నిలబడిందో రెమెయ్‌కు ఇప్పటికీ గుర్తుంది. ఈసారి అంతకంటే ఎక్కువసేపు నిలబడింది.